‘కాఫీ గీఫీ’కి నియమం ఉంది: వాడుకలోని వింతల్ని ఎలా పట్టుకోవాలి, ఎలా తేల్చుకోవాలి

ప్రశ్న ఇది: ‘కాఫీ గీఫీ’, ‘చెట్టూ చేమా’, ‘పట్టపగలు’ లాంటి మాటలకు ఏదైనా నియమం ఉందా, నోటికొచ్చినట్టు అనేసేవేనా? ఇలాంటివి ఇంకా ఎక్కడ దొరుకుతాయి? దొరికినవి నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి?

నియమం ఉంది. మూడింటికీ ఒకటే కాదు, దేనిది దానిదే. వినడానికి మూడూ ఒకే జాతివిగా ఉంటాయి గానీ, మొదటిది నిన్నగాక మొన్న వచ్చిన మాట మీద కూడా పనిచేస్తుంది, రెండోది కంఠస్థం చేసి వాడాల్సిందే, మూడోది వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన మాటలకే పరిమితం. ఈ తేడా తెలుసుకునే దారి కూడా సులువే. వాడుకను కొత్త మాటల మీద పెట్టి చూడాలి, అది ఎక్కడ మొరాయిస్తుందో కనిపెట్టాలి. సజావుగా నడిచిన పది ఉదాహరణల కంటే మొరాయించిన ఒక్క ఉదాహరణ ఎక్కువ చెబుతుంది.

ముందు ‘కాఫీ గీఫీ’ సంగతి చూద్దాం. దీన్ని ప్రతిధ్వని పదం అంటారు. మాటలో మొదటి అక్షరాన్ని తీసేయాలి. అది హ్రస్వమైతే ఆ చోట ‘గి’, దీర్ఘమైతే ‘గీ’ పెట్టాలి. మిగతా మాటను ముట్టుకోకూడదు. పులి గిలి, బడి గిడి, చెట్టు గిట్టు, డబ్బు గిబ్బు. కాఫీ గీఫీ, ఊరు గీరు, ఏనుగు గీనుగు, పాట గీట. మొదట ఏ హల్లు ఉంది, ఏ అచ్చు ఉంది అన్నది లెక్కలోకి రాదు. పొట్టిదా, పొడుగుదా అన్నదే లెక్క.

చాలామంది దీన్ని ‘మొదటి హల్లు గ-గా మారుతుంది’ అని చెప్పి ఊరుకుంటారు. అది సరిపోదు. హల్లు ఒక్కటే మారేదైతే పులికి ‘గులి’, చెట్టుకి ‘గెట్టు’ రావాలి. అచ్చు కూడా పోయి, దాని పొడుగు మాత్రం మిగులుతుంది. దీనివల్ల ఒక తమాషా జరుగుతుంది: ఆట, పాట, మాట, తోట, కోట, వేట, ఆరింటికీ ప్రతిధ్వని ఒక్కటే, ‘గీట’. అందుకే అసలు మాట ముందు లేకుండా ప్రతిధ్వని ఒంటరిగా రాదు. వస్తే అది ఏ మాట నీడో ఎవరూ చెప్పలేరు.

పరీక్షకు ఈ పది మాటలు తీసుకోండి: పులి, ఇల్లు, ఏనుగు, పుస్తకం, పంట, స్కూలు, ప్రేమ, పైసలు, వైఫై, గిన్నె. పుస్తకానికి గిస్తకం, అంటే మధ్యలో ఉన్న స్త-కు ఏమీ కాలేదు. పంటకు గింట, సున్న అలాగే నిలిచింది. స్కూలుకు గీలు, ప్రేమకు గీమ, అంటే మొదట ఒత్తక్షరం ఉంటే ఒత్తుతో సహా మొత్తం పోతుంది. ‘గ్రీమ’ అని ఎవరూ అనరు. పైసలకు గీసలు, వైఫైకి గీఫై, అంటే ‘ఐ’ని నాలుక దీర్ఘంగానే లెక్కపెడుతోంది. వైఫై అన్న మాటకు ఈ నియమం ఎవరూ నేర్పలేదు, అయినా మొదటిసారి అన్నవాళ్ళు కూడా తడుముకోకుండా ‘వైఫై గీఫై’ అన్నారు. నియమం బతికి ఉంది అనడానికి ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

తొమ్మిది దాటాయి. పదోది గిన్నె. మొదటి అక్షరం ‘గి’ తీసి ‘గి’ పెడితే మళ్ళీ గిన్నే వస్తుంది. ‘గిన్నె గిన్నె కడిగావా?’ అంటే వినేవాడికి తికమక. ఎందుకంటే మాటను ఉన్నదున్నట్టు రెండుసార్లు అనడానికి తెలుగులో వేరే పని ఉంది: ‘గిన్నె గిన్నెకీ మూత పెట్టు’ అంటే ప్రతి గిన్నెకీ అని. ఆ చోటు ఖాళీగా లేదు కాబట్టి ప్రతిధ్వని అందులోకి దూరలేదు. అప్పుడు జనం ‘గిన్నెలు అవీ కడిగావా?’ అని దారి మార్చేస్తారు, లేదా ‘గిన్నెలూ గరిటెలూ’ అని నిజమైన మాటనే జత చేస్తారు. గిత్త, గీత, గిరాకీ దగ్గర కూడా ఇదే అడ్డంకి. గోడ, గుడి, గడప మాత్రం ఆగవు: గోడ గీడ, గుడి గిడి, గడప గిడప. ఆపుతున్నది ‘గ’ కాదు, ‘గి’, ‘గీ’లే.

దీని అర్థం విషయంలో పొరపాట్లు ఎక్కువ. ‘వగైరా’ అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు, సగమే నిజం. ఇంటికొచ్చిన మనిషిని ‘కాఫీ గీఫీ తాగుతారా?’ అని అడిగితే, ఆయన ‘కాఫీ వద్దమ్మా, మజ్జిగ ఉంటే ఇవ్వు’ అనడం ఎంతో సహజం. అడిగినదాంట్లోనే మజ్జిగ కూడా ఉంది. అదే ‘కాఫీ తాగుతారా?’ అని అడిగి ఉంటే మజ్జిగ అడగడానికి ఆయన కాస్త మొహమాటపడాలి. ఇది ఒక వాడుక. రెండోది ముందుజాగ్రత్త: ‘వాన గీన వస్తుందేమో, గొడుగు పట్టుకెళ్ళు’, ‘పడితే గిడితే ఎవరిది బాధ్యత?’ ఇక్కడ వానతోపాటు వచ్చే ఇంకేవో లెక్క కాదు, ‘ఒకవేళ’ అన్న అర్థం. మూడోది కొట్టిపారేయడం: ‘ప్రేమా లేదు గీమా లేదు, చదువుకో.’ ఇక్కడ రెండు మాటల చివరా దీర్ఘం వస్తుంది, లేదు కూడా రెండుసార్లు వస్తుంది. మొదటి రెండు వాడుకల్లో ఆ దీర్ఘం ఉండనక్కర్లేదు. నేర్చుకునేవాళ్ళకు ఈ దీర్ఘం చూపిస్తే చాలు, మాట ఎటు మొగ్గుతోందో తెలిసిపోతుంది.

ఎక్కడ కుదరదో కూడా చూడాలి. హోటల్లో ‘రెండు కాఫీ గీఫీలు ఇవ్వు’ అనరు. లెక్క చెప్పాలంటే వస్తువు ఏదో తేలాలి, ప్రతిధ్వని చేసే పనే దాన్ని తేలకుండా చేయడం. అంకెకు ప్రతిధ్వని కొట్టిపారేసేటప్పుడే సరిగ్గా అతుకుతుంది: ‘పదీ లేదు గిదీ లేదు, ఐదిస్తా.’ మనిషి పేరుకో, హోదాకో తగిలిస్తే మర్యాద పోతుంది. ‘సారు గీరు ఎవరూ రాలేదు’ అన్న మాట సారు చెవిన పడకూడదు. అర్జీల్లో, వార్తల్లో, రోగికి రాసే మందుల చీటీలో ఇది కనబడకపోవడానికి కారణం కూడా ఇదే.

ప్రత్యయాలు రెండింటికీ తగిలించడమే ఎక్కువ వినబడుతుంది: ‘ఆఫీసులో గీఫీసులో కనబడ్డాడా?’ క్రియలకు కూడా అంతే: ‘అడిగాడా గిడిగాడా?’, ‘తెలిస్తే గిలిస్తే’. నామం, క్రియ కలిసి ఒకే మాటగా నడిచే చోట నామాన్ని పట్టుకుంటే చాలు: ‘పెళ్ళి గిళ్ళి చేసుకుంటే చెప్పు.’

తెలంగాణ వాడుకలో దీనికి ఇంకా తేలికైన దారి ఉంది. ‘చాయ్ గిట్ల తాగుతవా?’, ‘వాన గిట్ల వస్తే ఎట్ల?’ ప్రతి మాటకూ కొత్త ప్రతిధ్వని కట్టే పనిలేదు, తయారుగా ఉన్న ‘గిట్ల’ను పక్కన పెడితే చాలు. పైన మొరాయించిన గిన్నె దీనికి లొంగిపోతుంది: ‘గిన్నెలు గిట్ల కడిగినవా?’ అయితే జాగ్రత్త. ‘ఇట్లా’ అనే అర్థంలో ఉన్న ‘గిట్ల’ వేరే. ‘గిట్ల పట్టుకో’ అన్నప్పుడు అది గది, గిది, గాడ, గీడ, గంత, గింత, గప్పుడు కుటుంబానిది, సూచించే మాటల ముందు ‘గ’ చేరడం. రెండింటినీ విడదీయడానికి స్థానం చూడాలి. నామం వెనకాల, ఊనిక లేకుండా వస్తే వగైరా. విడిగా, ఊనికతో, తరచు చేతి సైగతో వస్తే ఇట్లా.

ఈ అలవాటు మనదొక్కటే అనుకుంటే పొరుగువాళ్ళను వినాలి. తమిళంలో ‘పులి గిలి’, కన్నడంలో ‘హులి గిలి’, అచ్చం మనలాగే. హోసూరులోనో బెంగళూరులోనో ఉండే తెలుగువాళ్ళకు ఇందులో వింతేమీ అనిపించదు. హిందీలో ‘చాయ్ వాయ్’, ‘పానీ వానీ’, అక్కడ హల్లు మాత్రమే మారి అచ్చు నిలుస్తుంది. మరాఠీలో ‘పాణీ బిణీ’, ‘చహా బిహా’, మనలాగే అచ్చు కూడా మారుతుంది. పంజాబీలో ‘రోటీ శోటీ’, బెంగాలీలో ‘చా టా’. ఆర్యభాషలూ ద్రావిడభాషలూ వేర్వేరు కుటుంబాలు. అయినా చట్రం ఒకటే, అందులో పెట్టే ధ్వని మాత్రం ఒక్కో భాషకు ఒక్కోటి. ఎమెనో అనే భాషాశాస్త్రవేత్త 1956లో భారతదేశాన్ని ఒకే భాషామండలంగా చూడాలని వాదించారు. కుటుంబాలు వేరైనా పక్కపక్కన బతికిన భాషలు అలవాట్లు పంచుకుంటాయన్న ఆ వాదానికి ప్రతిధ్వని పదాలు చక్కగా అతుకుతాయి. ఇంకా దూరం పోతే టర్కిష్ వాళ్ళు పుస్తకాన్ని ‘కితాప్ మితాప్’ అంటారు. ఇలాంటిది ఎదురైనప్పుడు కలిగే ఆనందం చిన్నది కాదు.

ఇక ‘చెట్టూ చేమా’. పరీక్ష పెడితే వెంటనే తేడా తెలుస్తుంది. చెట్టుకు చేమ ఉంది కాబట్టి పుట్టకు ‘పుట్టా పేమా’ అనగలమా? అనలేం. ఇవి తయారయ్యే మాటలు కావు, తయారై ఉన్నవి. వీటిని మూడు గుట్టలుగా వేరు చేసి చూస్తే బాగుంటుంది. రెండు మాటలూ ఈనాటికీ బతికే ఉన్నవి ఒక గుట్ట: ఇల్లూ వాకిలీ, కొండా కోనా, వాగూ వంకా, తట్టా బుట్టా, పాడీ పంటా, కూడూ గుడ్డా. రెండో మాట విడిగా వాడుకలోంచి జారిపోయి, లేదా మరుగునపడి, జంటలో మాత్రమే మిగిలినవి రెండో గుట్ట. చేమ అంటే చేమదుంప మొక్క, దుంప పేరులో ఇంకా ఉంది గానీ ‘చెట్టూ చేమా’ అనేవాళ్ళలో ఎంతమందికి ఆ ఆకు కళ్ళముందు మెదులుతుంది? ‘మూటా ముల్లే’లో ముల్లె కూడా మూటే, ముఖ్యంగా డబ్బు మూట. మూడో గుట్టలో రెండో మాటకు విడిగా ఏ అర్థమూ పైకి తోచదు: నగా నట్రా, పొలం పుట్రా, పురుగూ పుట్రా. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ‘పుట్రా’ పొలం వెనకాలా వచ్చింది, పురుగు వెనకాలా వచ్చింది. రెండూ ‘పు’, ‘పొ’లతో మొదలయ్యేవే. నగకు ‘నట్రా’ వచ్చింది. అసలు మాట మొదటి హల్లును పట్టుకుని ‘-ట్రా’ చేరుతోంది. పాతకాలంలో ఇదీ ఒక జీవమున్న నియమమేనేమో అనిపించేంత దగ్గరి పోలిక. అయితే మూడు ఉదాహరణలతో నియమం కట్టకూడదు. గుట్టలో పడేసి ఇంకా వెతకాలి, అంతే.

మొదటి హల్లు కలవడం ఈ జంటల్లో చాలాచోట్ల కనబడుతుంది: చెట్టు-చేమ, కొండ-కోన, వాగు-వంక, మూట-ముల్లె, గొడ్డు-గోద, చెత్త-చెదారం, రాయి-రప్ప, పిల్ల-పీచు, తిండి-తిప్పలు. ప్రతిధ్వని మొదటి అక్షరాన్ని చెరిపేస్తుంది, జంటపదం మొదటి హల్లును నిలబెడుతుంది. రెండూ ‘వగైరా’ అర్థమే ఇస్తున్నా పనితీరు సరిగ్గా ఎదురెదురు. వరస కూడా మార్చడానికి లేదు, ‘చేమా చెట్టూ’ అంటే చెవికి గుచ్చుకుంటుంది. ‘మూటా ముల్లే’, ‘ముల్లే మూటా’ రెండూ వినబడతాయి, అలాంటివి తక్కువ.

‘పట్టపగలు’ మూడో రకం. బడిలో ద్విరుక్తటకార సంధి అని చదివినదే. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ‘కడాదుల’కు ఇలా జరుగుతుందని చెప్పాడు. కడ మొదలైన మాటలకు అని. మాట మొదటి అక్షరం ఉంచి, తర్వాతదంతా తీసేసి, ‘ట్ట’ పెట్టి, వెనకాల మాట మొత్తం మళ్ళీ పెట్టాలి. కడ: కట్టకడ. తుద: తుట్టతుద. చివర: చిట్టచివర. మొదట: మొట్టమొదట. నడుమ: నట్టనడుమ. బయలు: బట్టబయలు. ఎదురు: ఎట్టఎదురు. పగలు: పట్టపగలు. అన్నీ దాదాపు చోటూ, కాలమూ, అంచూ చెప్పే మాటలే. సూత్రం ఇంత సులువైనా కొత్త మాటకు అతకదు. సాయంత్రానికి ‘సాట్టసాయంత్రం’ లేదు, పక్కకు ‘పట్టపక్క’ లేదు, రాత్రికి ‘రాట్టరాత్రి’ లేదు. తలుపు మూసేసిన నియమం ఇది, లోపలున్నవాళ్ళు ఉన్నారు, కొత్తవాళ్ళు రాలేరు.

అయితే ‘మిట్టమధ్యాహ్నం’ మాటేమిటి? పట్టపగలు పక్కన పెడితే అదే అచ్చులో పోసినట్టుంటుంది. కానీ సూత్రం ప్రకారం మధ్యాహ్నానికి ‘మట్టమధ్యాహ్నం’ రావాలి. ‘మి’ ఎక్కడిది? నిఘంటువు తీస్తే మిట్ట అంటే ఎత్తైన నేల అని ఉంటుంది, మిట్టపల్లాలు అంటాం కదా. సూర్యుడు ఎత్తున ఉన్న వేళ అని అర్థం చెప్పుకోవచ్చు, ద్విరుక్తటకారపు మాటల పోలికతో ఇది నిలదొక్కుకుని ఉండొచ్చు. ఖాయంగా చెప్పగలిగింది మాత్రం ఒక్కటే, ఇది ఆ సూత్రంతో పుట్టింది కాదు. ఒక్క గుడి తేడా చూడకపోతే ఈ మాటను కూడా జాబితాలో కలిపేసేవాళ్ళం.

మిగతా వింతల్లో రెండింటిని క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇవి చాలామందికి తెలిసినవే. తెలుగులో మనుషుల్ని లెక్కపెట్టే అంకెలు వేరు: ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు. ఎనిమిది దగ్గర ఈ బండి నెమ్మదిస్తుంది. ఎనమండుగురు, తొమ్మండుగురు పుస్తకాల్లో, పెద్దవాళ్ళ నోట ఉన్నాయి గానీ మామూలుగా ఎనిమిది మంది, తొమ్మిది మంది. పన్నిద్దరు ఆళ్వార్ల దగ్గర తప్ప పన్నిద్దరు వినబడదు. విదేశాల్లో పెరిగే పిల్లలు ‘రెండు మంది’, ‘మూడు పిల్లలు’ అంటారు. దిద్దడానికి మంచి జంట ఇది: ‘కుక్కకు మూడు పిల్లలు’, ‘అక్కకు ముగ్గురు పిల్లలు’. పిల్లలు అన్న మాట మారలేదు, అంకె ఒక్కటే ఎవరి పిల్లలో చెప్పేసింది.

రెండోది క్రియ. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, ఏకవచనంలో ముగ్గురిదీ ఒకటే క్రియ. బహువచనం చేయగానే ఆడవాళ్ళు మగవాళ్ళతో కలుస్తారు: వాళ్ళు వచ్చారు, ఆవులు వచ్చాయి. తమిళంలో, కన్నడంలో ఏకవచనంలో స్త్రీకి విడిగా క్రియారూపం ఉంది. మన పద్ధతి ఉత్తరాది ద్రావిడ భాషలైన కుడుఖ్, మాల్తోలతో కలుస్తుంది. ఇందులో దగ్గరగా చూడదగ్గది సూర్యుడు. ‘సూర్యుడు ఉదయించాడు’, ‘పొద్దు పొడిచింది’. ఆకాశంలో ఉన్నది ఒకటే, క్రియ మాత్రం వస్తువును చూడలేదు, పేరును చూసింది. ‘డు’తో ముగిసే పేరు మగవాడిని చేస్తే, పొద్దు అనే పేరు అమహత్తుగా, అంటే ఆవు, బస్సుల వరసలో, ఉంచింది.

ఇప్పుడు పద్ధతి. ఏదైనా వింత వాడుక చెవిన పడితే వాక్యం మొత్తం రాసుకోండి, మాట ఒక్కటే కాదు. ‘గిట్ల’ ఒక్కటే రాసుకుంటే పైన చెప్పిన రెండింటిలో ఏదో వారం తర్వాత మీకే తెలియదు. పక్కన జిల్లా, అన్నవాళ్ళ వయసు సుమారుగా, ఏ సందర్భంలో అన్నారో రాయండి. తర్వాత ‘మీరు ఇలా అంటారా?’ అని ఎవరినీ అడగకండి. అలా అడిగితే జనం బడిలో నేర్చుకున్నది చెబుతారు, నోటితో అనేది చెప్పరు. ‘గిన్నె గిన్నె అంటారా?’ అనడం దండగ. ‘గిన్నెలు, గరిటెలు, మూతలు అన్నీ కడిగారా అని ఒక్క ముక్కలో ఎలా అడుగుతారు?’ అని సందర్భం ఇచ్చి వదిలేయండి. కనీసం ముగ్గురు, వేర్వేరు వయసులవాళ్ళు, వీలైతే వేర్వేరు జిల్లాలవాళ్ళు ఒకేలా చెబితే అది వాడుక. ఒక్కరే అంటే అది వాళ్ళింటి మాట కావచ్చు. అదీ దాచుకోదగ్గదే, కాకపోతే ‘తెలుగులో ఇలా అంటారు’ అని రాయకూడదు.

నిఘంటువులు ఒక్కటి చూస్తే చాలదు. 1852 నాటి బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో వాడుకమాటలు బాగా దొరుకుతాయి. 1885 నాటి శబ్దరత్నాకరం ప్రధానంగా కావ్యభాషది, ఒక మాట అందులో లేనంత మాత్రాన అప్పట్లో వాడుకలో లేదని కాదు. 1991లో వచ్చిన గ్విన్ నిఘంటువు ఈ కాలపు వాడుకకు పనికొస్తుంది. వృత్తుల మాటలకైతే భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశం ఉంది, ఏ మాట ఏ ప్రాంతానిదో కూడా చెబుతుంది. మాట మూలం కావాలంటే బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు, అందులోనూ 1984 నాటి రెండో కూర్పు చూడాలి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో చాలా తెలుగు నిఘంటువుల్ని ఒకేసారి వెతకొచ్చు.

వెతికినా దొరకకపోతే మాట లేదనుకోకండి. తొంభై పాళ్ళు గొడవ వర్ణక్రమంలోనే ఉంటుంది. పాత నిఘంటువుల్లో ‘పుస్తకం’ ఉండదు, ‘పుస్తకము’ ఉంటుంది. ‘పెళ్ళి’ కోసం ‘పెండ్లి’ వెతకాలి. చెరువు ‘చెఱువు’గా, గుర్రం ‘గుఱ్ఱము’గా ఉంటాయి కాబట్టి ర దగ్గర ఆగితే ఱ పెట్టి మళ్ళీ చూడాలి. అరసున్న ఉన్నదా లేదా అన్నది ఇంకో అడ్డంకి, రెండు రకాలుగానూ ప్రయత్నించాలి. బహువచనం కాకుండా ఏకవచనం ఇవ్వాలి: ‘కళ్ళు’ కాదు, ‘కన్ను’.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం వినికిడి పోలికతో కథ అల్లడం. ‘పెట్టే బేడా సర్దుకున్నాడు’ అంటాం. పాత నాణేల్లో రెండణాలను బేడ అనేవారు. వెంటనే ‘పెట్టెలో బేడలు దాచుకునేవారు కాబట్టి’ అని ఒక కథ పుడుతుంది, చెప్పడానికి బాగుంటుంది, నాలుగు చోట్ల తిరిగితే చరిత్ర అయిపోతుంది. రెండు మాటలు ఒకేలా వినబడ్డాయన్నది తప్ప దానికి ఆధారం ఏముంది? ఆ రెండూ కలిసి వచ్చిన పాత వాక్యం చేతికి దొరికేదాకా ఆ కథ రాయకూడదు.

కానీ కొన్నిసార్లు కథ అక్కర్లేకుండానే నిజం దొరుకుతుంది. ‘హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న’ అంటాం, ఏమీ మిగల్లేదని. సున్న సరే, హళ్ళి ఏమిటి? అది కూడా సున్నే. పాత తెలుగు లెక్కల్లో ఒకటి కంటే తక్కువ భాగాల్ని నాలుగేసి చొప్పున విడగొట్టేవారు: నాలుగో వంతు పావు, పదహారో వంతు వీసం, అరవై నాలుగో వంతు కాణి. గుర్తులు ఒక మెట్టుకు నిలువు గీతలు, తర్వాతి మెట్టుకు అడ్డగీతలు, మళ్ళీ నిలువు. పావు ౹, అర ౺, ముప్పావు ౻. ఒక వీసం ౼, రెండు వీసాలు, అంటే పరక, ౽, మూడు వీసాలు ౾. నిలువు గీతల మెట్టులో ఏమీ లేకపోతే పెట్టే గుర్తు హళ్ళి, ౸. అడ్డగీతల మెట్టులో ఏమీ లేకపోతే మామూలు సున్న. అంటే లెక్కలో రెండు రకాల ఖాళీలు ఉండేవి, సామెత రెండింటినీ వరసగా చదువుతోంది.

రాసి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 3/8 అంటే పావు, పరక: ౹౽. ఒక్క వీసం మాత్రమే: పావుల మెట్టు ఖాళీ కాబట్టి ౸౼. పావూ, ఒక కాణీ: మధ్యలో వీసాల మెట్టు ఖాళీ కాబట్టి ౹౦౹. ఈ గుర్తులు 2008లో యూనికోడ్ 5.1తో కంప్యూటర్లలోకి వచ్చాయి. మీకు వీటి చోట డబ్బాలు కనబడుతుంటే తప్పు లెక్కది కాదు, ఫాంటుది. ఇవి ఉన్న తెలుగు ఫాంటు వేసుకోవాలి.

ఈ నాలుగుల లెక్క రూపాయి మాటల్లో ఇంకా నడుస్తోంది. అప్పట్లో రూపాయికి పదహారణాలు కాబట్టి అణా అంటే రూపాయిలో వీసం, బేడ అంటే పరక, పావలా అంటే పావు. ‘పదహారణాల తెలుగుదనం’ అంటే 16కు 16, ఏ లోటూ లేనిది. 1957 ఏప్రిల్ 1న నూరు పైసల రూపాయి వచ్చింది, అణాలు పోయాయి. 2011 జూన్ 30తో పాతిక పైసల బిళ్ళ కూడా చెల్లకుండా పోయింది. పావలా అన్న మాట మాత్రం వడ్డీలో గట్టిగా కూర్చుంది. ఊళ్ళలో వడ్డీ చెప్పేది నూటికి, నెలకు. పావలా వడ్డీ అంటే వందకు నెలకు 25 పైసలు, ఏడాదికి 3 శాతం. పొదుపు సంఘాల పావలా వడ్డీ పథకానికి ఆ పేరు అలా వచ్చింది. ముప్పావలా వడ్డీ 9 శాతం, రూపాయిన్నర వడ్డీ 18 శాతం, రెండ్రూపాయల వడ్డీ 24 శాతం. బ్యాంకు లెక్కకు అలవాటుపడినవాళ్ళు ‘రెండ్రూపాయలే కదా’ అని రెండు శాతంగా చదివి సంతకం పెడతారు. చెప్పిన రూపాయల్ని పన్నెండుతో హెచ్చించి చూసుకుని పెట్టండి.